పర్సోం అంటే మొన్న కాదు

నాకు సిగ్గు లేదని మా ఆయన అప్పుడప్పుడూ అంటుంటాడు. పెళ్లి భోజనాల్లో మూడోసారి పూర్ణాలు అడిగినప్పుడు అనే మాట అది, పట్టించుకోను. ఈ ఏడు వానాకాలం నుంచి మాత్రం నాకే తెలిసింది, సిగ్గు ఉంది, కావలసినంత ఉంది. మెట్లు దిగేటప్పుడు కింద వాటా తలుపు తీసి ఉంటే, చేతిసంచీలో ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తూ పోయేంత ఉంది.

ముందు నా చదువు రోగం సంగతి చెప్పాలి. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చిన కొత్తలో యాకుత్‌పురాలో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాం. ఆఫీసుకు లోకల్ రైలు సుఖం, అద్దె తక్కువ. స్టేషను బయట పత్రికల బడ్డీ ఒకటి ఉండేది. వారం వారం రాజకీయ పత్రిక అక్కడే కొనేదాన్ని. మొదటిసారి "పత్రిక ఇవ్వండి" అంటే బడ్డీ ఆయన వంటల పత్రిక తీసి చేతిలో పెట్టాడు. "ఇది కాదు, అది" అని అట్ట మీద నాయకుడి బొమ్మ ఉన్నదాన్ని చూపించాను. అబ్బో, ఎంత గర్వమో! మా ఇంట్లో ఆడవాళ్లెవరూ రాజకీయం చదవరు. మగవాళ్లు చదివినా అంతంత మాత్రం. నేను మాత్రం రైల్లో నిలబడి కూడా ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివేదాన్ని. ఒకసారి అందులో నా ఉత్తరం అచ్చయింది. సగం కోసేశారనుకోండి, అయినా అచ్చయింది. ఆ కాగితం ముక్క కత్తిరించి దేవుడి అరలో పెట్టాను. "దానికీ హారతిస్తావా?" అన్నాడు మా ఆయన.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట నాదే. ఏ ప్రభుత్వం ఎందుకు పడింది, ఎవరిది ఏ ముఠా, అన్నీ నా నోటి నుంచే రావాలి. నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. పక్క సీటు ఆయన నల్గొండ వైపు మనిషి. "మేడం జెప్పిందంటే పక్కా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్ని వారాలు ఎన్ని పేజీలు నమిలి మింగానో నాకే తెలుసు.

తర్వాత ఫోను వచ్చింది. స్టేషను బయట ఆ బడ్డీలో పత్రికలు పోయి ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు ఎప్పుడు వచ్చాయో నేను గమనించనే లేదు. వారానికోసారి వచ్చేది ఇప్పుడు పళ్లు తోముకునేలోపే వచ్చేస్తోంది, ఇంక బడ్డీ ఎందుకు? పాలు పొంగిపోయేవి. కూర మాడేది. "ఢిల్లీలో ఏం జరిగిందో చెప్పగలవు గానీ నీ స్టవ్ మీద ఏం జరుగుతోందో చెప్పలేవు" అని మా ఆయన దెప్పేవాడు. దేశం గురించి పట్టించుకోనివాళ్లకు ఆ మాత్రం వెటకారం ఉంటుందిలే అనుకునేదాన్ని.

ఫోనులో నాకు రెండు గ్రూపులు ముఖ్యం. ఒకటి మా గల్లీది. అందులో అందరూ ఉర్దూలో వాయిస్‌లు పెడతారు. రెండోది మా ఆఫీసు భోజనాల గ్రూపు, అందులో ఎక్కువమంది మా కోస్తావాళ్లు. వాళ్లకు పాతబస్తీ అంటే అదో భయం, అదో సరదా. "మేడం, మీ ఏరియా కబుర్లేమిటి?" అని అడిగేవారు. నేను గల్లీ వాయిస్ విని, చక్కటి తెలుగులో రాసి అక్కడ పెట్టేదాన్ని. నల్లా ఎప్పుడు వస్తుంది, ఏ సందులో తవ్వారు, ఎవరి పెళ్లి బరాత్‌కి దారి మూసేశారు, ఇవే వార్తలు. చిన్నవే. కానీ ముందుగా నేనే చెప్పాలి, అది లెక్క.

ఇప్పుడు ఆపా సంగతి. ఆపా అంటే అక్క. మాకు వాటా అద్దెకిచ్చిన ఇంటామె. కింద వాటాలో ఉంటుంది. వీధి వైపు తలుపు నీలం రంగు. మా మెట్లు పక్క నుంచి. నాకన్నా పెద్దది, భర్త లేడు, కొడుకు కార్వాన్‌లో వేరే కాపురం ఉంటాడు. మేము దిగిన మొదటి వారమే మెట్ల దగ్గర ఆపి గిన్నె అందించింది. "ఖట్టీ దాల్, బహెన్. మీరు మాంసం ముట్టరంట గద, వేరే గిన్నెల చేసిన. ఫికర్ చేయకు." ఆ వేరే గిన్నె ఆనాటి నుంచి వేరేగానే ఉంది. దాని చెవికి గుర్తుగా ఎర్ర దారం కట్టింది. ఆ పప్పు ఒకరోజు ఆఫీసుకు పట్టుకెళ్తే అందరూ వేళ్లు నాకారు. "మాకూ పంపమనండి మేడం" అన్నారు. అట్లా నా మాట మీదే ఆపా డబ్బాలు మొదలయ్యాయి. బగారా అన్నం, దాల్చా, టమాటా కట్, మాలాంటి వాళ్లకు మాంసం లేనివి. ఆటోలో వరసగా సర్ది పంపేది. ఆ డబ్బాల మీదే ఆమె ఇల్లు నడిచేది. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను అనలేను. తెలియక చేశాను అని కూడా అనలేను.

వానాకాలంలో మా గల్లీ తవ్వారు. నల్లా నీళ్లు మట్టిరంగులో వచ్చాయి, వాసన కూడా. గల్లీ చివర గడియారాలు బాగుచేసే చాచా, అందరికీ పెద్దదిక్కు, గ్రూపులో వాయిస్ పెట్టాడు. దగ్గుతూ, ఆగుతూ ఆయన చెప్పింది ఇది: "నల్లా కా పానీ ఉబాల్‌కే పీయో. పర్సోం ఐసాచ్ పానీ ఆయా థా, నీలే దర్వాజేవాలోం కే ఘర్ దావత్ ఖాకే బచ్చే బీమార్ పడ్‌గయే థే." నీళ్లు కాచి తాగండి, పర్సోం ఇట్లాంటి నీళ్లే వచ్చి, నీలం తలుపువాళ్లింట విందు తిని పిల్లలు జబ్బుపడ్డారు అని.

పర్సోం. హిందీ పుస్తకంలో పర్సోం అంటే మొన్న. నాకు మార్కులు వచ్చిన మాట అది.

అప్పుడు నేను రైల్లో ఉన్నాను. కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. ఆఫీసు చేరేలోపు పెట్టేయాలి, లేకపోతే మధ్యాహ్నం మా గల్లీ మీదుగా వచ్చే ఇంకెవరైనా చెప్పేస్తారు. టైపు చేశాను: "హెచ్చరిక. నిన్న కాక మొన్న మా వీధిలో ఒక ఇంటి భోజనం తిని పిల్లలు ఆస్పత్రి పాలయ్యారు. బయటి డబ్బాలు తెప్పించుకునేవారు జాగ్రత్త వహించగలరు." చూశారా, చాచా నోట ఆస్పత్రి లేదు. జబ్బుపడ్డారు అంటే వాక్యానికి బలం చాలదని నేను ఆస్పత్రి చేర్చాను. నీళ్ల సంగతి తీసేశాను, పొడుగైపోతుందని. "నిన్న కాక మొన్న" అన్నది నడక కోసం. పత్రికలు చదివి చదివి నేర్చుకున్న నడక.

"ఇది మనం తెప్పించుకునే ఇల్లేనా మేడం?" అని ఎవరో అడిగారు. అప్పుడైనా ఆగాలి కదా. "పేర్లు అడగొద్దు. అర్థం చేసుకోండి" అని పెట్టాను. నేనూ ఉండేది ఆ నీలం తలుపు ఇంటి మీదే! మెట్లు దిగి ఒక్క మాట అడిగితే పోయేది. అదే మా ఊరివాళ్ల మెస్సు గురించి ఎవరైనా ఇట్లా అంటే, ముందు ఫోను చేసి "ఏమండీ, నిజమేనా?" అని అడిగేదాన్ని. ఇక్కడ ఎందుకు అడగలేదో నాకు తెలుసు. ఆ ఇల్లు, ఆ వంట, ఆ వీధి, నమ్మడానికి నాకు అడ్డేమీ రాలేదు. ఇన్నేళ్లు ఆ చేతివంట తిన్నదాన్ని ఒక్క మాటకు నమ్మేశాను. ఛీ.

సాయంత్రం ఇంటికొచ్చి ఆపాతో అబద్ధం చెప్పాను. "కడుపు బాగాలేదు ఆపా, కొన్నాళ్లు నాకు డబ్బా వద్దు." ఆమె ముఖం చిన్నబుచ్చుకోలేదు. గాభరా పడింది. "అయ్యో, ఏం తిన్నవ్ బహెన్? ఆఫీసుల సమోసాలు గిట్ల తిన్నవా? జర కూసో" అంది. కాసేపటికి మెత్తగా ఉడికిన ఖిచిడీ పైకి తెచ్చింది, ఎర్ర దారం గిన్నెలో. జీలకర్ర వాసన. "ఇది తిని పండు. తెల్లారేసరికి మంచిగైతది."

ఆమె దిగి వెళ్లాక ఆ ఖిచిడీ సింకులో పారబోశాను. గిన్నె తోమాను. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా, అందులో ఇంత బెల్లం వేసి పొద్దున ఇచ్చాను. ఆచారం మాత్రం తప్పలేదు మహాతల్లి!

ఆ వారమే ఆటోలో డబ్బాలు పలచబడ్డాయి. తర్వాత ఆటో రోజూ రావడం మానేసింది. ఆపా ఇంట్లో పొద్దున్నే వినిపించే గంటెల చప్పుడు తగ్గింది. నేను వింటూనే ఉన్నాను. పాపం, పిల్లల సంగతి ఏమైందో అనుకున్నాను గానీ ఏ పిల్లలు, ఎవరి పిల్లలు అని మాత్రం ఎవరినీ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున ఆపా ఫోను పట్టుకుని పైకొచ్చింది. "బహెన్, ఇది జర చదివి చెప్పు. నా కొడుక్కు ఎవరో పంపిన్రంట, వాడు నాకు పంపిండు. తెలుగు మాట్లాడుత గానీ చదవరాదు గద నాకు. నువ్వైతే పేపర్లు, పుస్తకాలు మస్తు చదువుతవు."

తీసుకుని చూశాను. హెచ్చరిక. నిన్న కాక మొన్న. ఒక్క అక్షరం మారలేదు. ఎవరెవరి చేతులు మారి కార్వాన్ దాకా పోయి, అక్కడి నుంచి మా ఇంటి కింద వాటాకు వచ్చింది నా వాక్యం. కింద ఇంకెవరో కలిపారు: "యాకుత్‌పురా, నీలం తలుపు." నేను చెప్పని పేరు ఎవరో అర్థం చేసుకున్నారు.

చదివాను. పైకే, ఒక్క మాట వదలకుండా. నా నడక నా చెవికే ఎంత అసహ్యంగా వినిపించిందో చెప్పలేను.

"మొన్ననా?" అంది ఆపా. "మొన్న మా ఇంట్ల దావత్ యాడిది? ఏం లొల్లి ఇది?"

నా నోరు ఊరుకోదు కదా. "చాచా వాయిస్‌లో పర్సోం అన్నాడుగా ఆపా" అన్నాను.

ఆపా ఒక్క క్షణం ఆలోచించి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అరే అల్లా! పర్సోం! చాచా పర్సోం అంటే మొన్న గాదు బహెన్. మా పట్నపోళ్లకు అయిపోయిందంత పర్సోమే. ఆయన నికా గూడ పర్సోమే అయిందంటడు. నిజాం పోయింది గూడ పర్సోమే! ఆ దావత్ నా కొడుకు అఖీఖాది, వాని పుట్టెంట్రుకలు తీసిననాటిది. వానికిప్పుడు గడ్డం నెరుస్తుంది. అప్పుడు నల్లాల మోరీ నీళ్లు కలిసినై, గల్లీ అంత బీమారే. నేనూ పడ్డ." ఫోను తీసుకుని కొంగుతో తుడుచుకుంది. "గిది రాసినోళ్లకు మన బోలీ తెల్వదు, పాపం. ఎవరో బయటోళ్లు."

బయటోళ్లు. నేను తల ఊపాను. అవును ఆపా, ఎవరో బయటివాళ్లు అన్నట్టు ఊపాను. ఆమె దిగిపోయింది.

తెలుగులో నేను మాత్రం మొన్న అన్నప్పుడల్లా వేళ్ల మీద లెక్కపెడతానా? "మొన్న మొన్ననే కదా మా పెళ్లయింది" అంటాను. మా ఆయన బట్టతల నిమురుకుంటాడు. నా మాట ఎంత సాగినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఆ ముసలాయన మాట ఒకటే నాకు కొలబద్దతో కొలవాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అటక ఎక్కి పాత పత్రికల కట్టలు దించాను. నిజం చెబుతున్నాను, ఫోనును తిట్టుకోవాలనే దించాను. అప్పట్లో ఎంత నిదానంగా, ఎంత బుద్ధిగా చదివేదాన్నో చూసుకుని, ఈ పాడు యంత్రమే నన్ను చెడగొట్టిందని ఏడవాలని. దుమ్ము దులిపి తిరగేశాను. ఎర్ర గీతలన్నీ నేను ముందే అనుకున్నవాటి కిందే ఉన్నాయి. నచ్చినచోట "శభాష్". నచ్చనిచోట "వీడెవడు?" ఎక్కడా ఒక్క ప్రశ్న లేదు, "నిజమేనా" అన్న మాట లేదు. గీతలు గీసింది చదవడానికి కాదు, మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడుకోవడానికి. ఫోను నాకు కొత్త గుణమేమీ నేర్పలేదు. ఉన్న గుణానికి చక్రాలు కట్టింది, అంతే. ఆ కట్టలు మళ్లీ కట్టలేదు, అట్లాగే నేల మీద వదిలేశాను. "ఏం, ఆఫీసు మూసేశావా?" అన్నాడు మా ఆయన.  

ముందు పిరికి పనే చేశాను. గ్రూపులో "చిన్న సవరణ" అని పెట్టాను. ఆ సంఘటన చాలా ఏళ్ల కిందటిదనీ, నీళ్ల వల్ల జరిగిందనీ, అనువాదంలో పొరపాటు జరిగిందనీ రాశాను. ఎవరి పొరపాటో రాయలేదు. పత్రికల్లో లోపలి పేజీ అడుగున సన్న అక్షరాల్లో సవరణ వేస్తే నేను నవ్వేదాన్ని, ఎవరు చూస్తారని. నాదీ ఎవరూ చూడలేదు. ఇద్దరు బొటనవేలు చూపించారు. మర్నాడు పక్క సీటు ఆయనను అడిగితే, "చూసిన మేడం. గానీ ఎందుకొచ్చిన లొల్లి? అప్పుడైతే పక్కా అన్నరు, ఇప్పుడు కాదంటున్నరు. కడుపు ముఖ్యం గద" అన్నాడు. పక్కా అన్నది ఆయన కాదు, నేనూ కాదు, ఇన్నేళ్ల అలవాటు.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ అనేది. వేలు జారితే ఏం చేయాలో ఆవిడ చెప్పలేదు.

ఆ సాయంత్రం రైలు దిగి ఇంటికి రాగానే మెట్ల వైపు పోకుండా నీలం తలుపు తట్టాను. ఆపా బియ్యం ఏరుతోంది. చాటలో బియ్యం చాలా కొద్దిగా ఉంది. కూర్చోమంది. కూర్చోలేదు.

"ఆపా, ఆ మెసేజ్ రాసింది నేనే."

ఆమె చెయ్యి చాటలో ఆగింది. అర్థం కానట్టు చూసింది. మొత్తం చెప్పాను. రైలు, పర్సోం, ఆస్పత్రి, "పేర్లు అడగొద్దు, అర్థం చేసుకోండి" అన్నది కూడా. ఏడుపొచ్చింది. ఏడుస్తూ చెబితే క్షమిస్తుందని లోపల ఎక్కడో ఆశ ఉన్నట్టు నాకే అనిపించి, కళ్లు తుడుచుకుని మిగతాది చెప్పాను.

తిడుతుందనుకున్నాను. ఇల్లు ఖాళీ చెయ్యి అంటుందనుకున్నాను. గల్లీ అంతా వినేటట్టు అరిచినా బాగుండేది. ఆపా చాటలో బియ్యం కాసేపు అటూ ఇటూ కదిపింది. అన్నం గురించి అడగలేదు, డబ్బాల గురించి అడగలేదు, ఆఫీసు గురించి అడగలేదు.

"మరి గా రోజు కడుపు బాలేదంటివి?" అంది. "నేను ఖిచిడీ తెస్తి. తిన్నవా?"

దీనికి మాత్రం నేను సిద్ధంగా లేను. తిన్నాననే అబద్ధం నాలుక చివర దాకా వచ్చింది. "లేదు ఆపా. పారబోశాను."

"బెల్లం ఏసి ఇస్తివి గద గిన్నెల."

"అవును."

"గట్లనా" అంది. మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

మర్నాడు నా డబ్బా నేనే అడిగి తీసుకెళ్లాను. భోజనాల బల్ల దగ్గర నిలబడి, ఫోను తియ్యకుండా, నోటితో చెప్పాను. ఆ మెసేజ్ నాది, అబద్ధం, మన పాతికమంది నమ్మకం మీదే ఆమె ఇల్లు నడిచేది, ఆ నమ్మకం నేను పాడుచేశాను అని. అందరి ముందూ ఆ బగారా అన్నం తిన్నాను. కొంతమంది మళ్లీ తెప్పించుకుంటున్నారు. కొంతమంది ఇంక తెప్పించుకోరు. పక్క సీటు ఆయన తెప్పించుకుంటున్నాడు గానీ ఇప్పుడు నేనేం చెప్పినా "పక్కా" అనడు. అనకపోవడమే మంచిది. గల్లీ గ్రూపులో ఉన్నాను, వింటాను, ఎక్కడికీ మోయను. తోచకపోతే మెట్లు దిగి అడుగుతాను. ఫోను పూర్తిగా మానేశానని గొప్పలు చెప్పను. పాలు ఇంకా పొంగుతూనే ఉన్నాయి.

ఆపా మాట్లాడుతుంది. అద్దె పెంచలేదు, డబ్బా ఆపలేదు. వేరే గిన్నె ఇంకా వేరేగానే ఉంది. పండక్కి సేమ్యా కూడా పంపింది.

మొన్న నాకు నిజంగానే కడుపు పాడైంది. ఈ మొన్న నిజం మొన్నే. పొద్దున మెట్లు దిగుతూ కడుపు పట్టుకుని అక్కడే కూలబడ్డాను. ఆపా తలుపు దగ్గరే ఉంది, చూసింది. నాకు తెలియకుండానే లోపల వంటింటి వైపు చూశాను, ఆమె ఎటు తిరుగుతుందోనని. ఆమె కదల్లేదు.

"దవాఖాన్ల చూపించుకో బహెన్" అంది, మెల్లగా, మంచిగానే. "జల్ది పో."